తిరగబడ్డ మడత

పార్సిల్ ఆఫీసులో ఆమెను అందరూ లక్కమ్మ అంటారు. గుడ్డ చుట్టి కుట్టిన మూటల మీద ఎర్ర లక్క కరిగించి పోసి, అది గట్టిపడేలోపు ఇత్తడి ముద్ర నొక్కడం ఆమె పని. ఏళ్ళ తరబడి అదే కౌంటరు, అదే కొవ్వొత్తి, అదే కాలిన వాసన. మూటలో ఏముందని తెచ్చినవాళ్ళను ఏనాడూ నిలదీసిన పాపాన పోలేదు. పగిలేదా, కారేదా అని రూలు ప్రకారం ఒక్కమాట అడిగి ఊరుకుంటుంది. పక్క కౌంటరాయన అలా కాదు. ఊళ్ళో మూటలన్నీ విప్పి చూస్తే తప్ప ఆయనకు అన్నం సయించదు. "ఆ బరువు చూస్తే చెప్పుల జత అంటారా, ఇంకేమైనా అంటారా?" అని గుచ్చి గుచ్చి అడుగుతాడు.

"లోపల ఏముందో నాకెందుకండీ? దారిలో ఎవరూ విప్పకుండా చూడడమే నా పని," అంటుంది లక్కమ్మ. ఆయన మొహం ముడుచుకుని తన రసీదుల మీద పడతాడు.

ఇలాంటి మనిషిని ఎన్నికల పనికి వేయకుండా ఉంటారా? ఎన్నికలు దగ్గరపడ్డాయంటే ఆ ఆఫీసులో ఒకరికి నడుం పట్టేస్తుంది, ఇంకొకరికి ఎక్కడో ఉన్న మేనత్తకు ప్రాణం మీదికొస్తుంది. లక్కమ్మ మాత్రం సంచి భుజానికి తగిలించుకుని శిక్షణకు వెళ్ళి ముందు వరుసలో కూర్చుంటుంది. మొదట్లో వేలికి సిరా పూసే పని ఇచ్చారు. తర్వాత ఓటు కాగితాలు పుస్తకంలోంచి చింపి ఇచ్చే పని. ఇప్పుడు పోలింగ్ కేంద్రం మొత్తానికి పెద్ద, ప్రిసైడింగ్ ఆఫీసరు. ఆమె కూర్చున్నచోట ఎవరి పప్పులూ ఉడకవని ఏజెంట్లు తమలో తాము గొణుక్కుంటూ ఉంటారు.

ఓటు కాగితాన్ని ఓటరు చేతికిచ్చే ముందు ఆమె ఒకసారి మడిచి, మడత మీద గోరుతో గీసి, మళ్ళీ విప్పి ఇస్తుంది. చాదస్తమని నవ్వేవాళ్ళున్నారు. నవ్వేవాళ్ళకేం, ఎన్నైనా నవ్వుతారు. ఓటు ముద్ర సిరా తడిగా ఉంటుంది. అడ్డదిడ్డంగా మడిస్తే ఆ తడి వెళ్ళి ఇంకో గుర్తుకు అంటుకుంటుంది, లెక్కపెట్టేచోట ఆ ఓటు ఎవరికీ కాకుండా పోతుంది. అందుకని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అదీ ఆమె మడిచిన వైపుకే మడవాలి. అప్పుడు ఓటు లోపల భద్రంగా ఉంటుంది, కాగితం వీపు మీదున్న నంబరూ కేంద్రం ముద్రా మాత్రం పైకి కనిపిస్తాయి. పెట్టెలో వేయబోయే ముందు ఆ నంబరు చూస్తే చాలు, తాను ఇచ్చిన కాగితమే తిరిగొచ్చిందో లేదో తెలిసిపోతుంది. ఏ నంబరు ఎవరికిచ్చారో రాసుకున్న ముక్కలు సాయంత్రానికి వేరే కవరులోకి చేరి లక్క కింద పడుకుంటాయి. వాటిని విప్పే అధికారం ఆమెకూ లేదు.

లక్కమ్మకు పెళ్ళి కాలేదు. కుదరక కాదు, తీరిక చిక్కక. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేసరికి తమ్ముడు చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేని వయసులో ఉన్నాడు. అప్పటికి పార్సిల్ ఆఫీసు ఉద్యోగం రాలేదు. దుకాణాలకు కాగితం కవర్లు మడిచి ఇచ్చేది. తమ్ముడు ఆమెకు ఎదురుగా చాప మీద కూర్చుని తానూ మడిచేవాడు. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాడికి అక్క కుడిచెయ్యి ఎడమవైపు కనిపిస్తుంది కదా. దాంతో వాడి మడతలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చేవి. "ఒరేయ్, నా పక్కకొచ్చి కూర్చోరా, సరిగ్గా వస్తుంది," అని ఎంత మొత్తుకున్నా వినేవాడు కాదు. పక్కన కూర్చుంటే అక్క మొహం కనబడదని వాడి బాధ. తిరగబడ్డా మడత మాత్రం కత్తి అంచులా ఉండేది. ఆ చేతివాటంతోనే పెద్దయ్యాక సబ్బుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పని దొరికింది. సబ్బు మీద కాగితం చుట్టి అంచులు మూయడంలో వాడిని మించినవాడు లేడని అక్కడ అందరూ ఒప్పుకుంటారు.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. కింది వాటా అక్కది, పై వాటా తమ్ముడిదీ మరదలిదీ. తమ్ముడు మంచివాడే. చెయ్యి చేసుకునే రకం కాదు, తాగుడు లేదు. కాకపోతే ఇంట్లో ఏ నిర్ణయమైనా తనే చేస్తాడు. పెళ్ళాం ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో, కుట్టుమిషను ఏ గదిలో పెట్టుకోవాలో, ఏ రోజు పుట్టింటికి వెళ్ళి ఏ రోజు రావాలో, అన్నీ. "దాన్నడిగేదేముంది, దానికేం తెలుసు?" అనడం వాడికి ఊతపదం. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది. మరదలు మాట్లాడదు. మిషను మీద వంగి ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టుకుంటూ ఉంటుంది. మాట్లాడనివాళ్ళకు ఆలోచనలుండవని వాడెలా అనుకున్నాడో ఆ భగవంతుడికే తెలియాలి.

ఆ ఏడు ఎన్నికల్లో నిచ్చెన గుర్తు మీద ఫ్యాక్టరీ యజమాని బావమరిది నిలబడ్డాడు. అవతలివాళ్ళది దువ్వెన గుర్తు. ప్యాకింగ్ సెక్షన్ ఓట్లన్నీ నిచ్చెనకు పడేలా చూస్తే మేస్త్రీ పని నీదేనని తమ్ముడికి పైనుంచి మాట వచ్చింది. ఏళ్ళ తరబడి సోడా తగిలి వేళ్ళు పగిలిన మనిషి. బల్ల దగ్గర నిలబడడం మాని, బల్లల మధ్య తిరిగే రోజు రావాలని ఎవరికుండదు? నిచ్చెన ఆయనది, ఎక్కాలనే ఆశ వీడిది.

ఎన్నికల ముందు రోజు సాయంత్రం లక్కమ్మ సంచిలో కొవ్వొత్తులూ అగ్గిపెట్టే సర్దుకుంటుంటే మరదలు దిగివచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఆ అట్టల మరుగులోకి వెళ్ళాక మనం ఏం చేశామో నిజంగా ఎవరికీ తెలియదా?"

"నువ్వు చెబితే తెలుస్తుంది."

"మీకు కూడా తెలియదా?"

"అదే గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నా నాకు తెలియదమ్మా. అలా తెలియకుండా చూడడానికే కదా నన్ను అక్కడ కూర్చోబెట్టేది."

మరదలు ఒక కొవ్వొత్తి తీసి సంచిలో పెట్టింది. "ఎప్పుడూ మీ తమ్ముడు చెప్పిన గుర్తు మీదే గుద్ది వచ్చేదాన్ని. ఈసారి రెండు గుర్తులవాళ్ళూ పంచిన కాగితాలు చదివాను. మిషను తొక్కుతూ నాలో నేనే ఆలోచించుకున్నాను. ఎవరికి వేయాలో తేల్చుకున్నాను," అంది. పెద్దవాళ్ళకు చెప్పకుండా కొత్త గాజులు కొనుక్కున్న పిల్లలా ఉంది ఆమె మొహం. ఎవరికని ఆమె చెప్పలేదు, లక్కమ్మ అడగలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళకు ఈ పిల్ల తనకంటూ ఒకటి అనుకుంది కదా అని లక్కమ్మకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేం.

లక్కమ్మకు వేసిన కేంద్రం ఊరికి ఆ చివర. తెల్లారి సామాను పంచేచోటికి వెళ్తే కథ అడ్డం తిరిగింది. వాళ్ళ వీధి కేంద్రానికి వెళ్ళవలసిన ఆఫీసరు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడట. ఆయన బదులు లక్కమ్మను వెళ్ళమన్నాడు పైఅధికారి.

"అది మా వీధి సార్. మావాళ్ళ ఓట్లన్నీ అక్కడే ఉన్నాయి."

"మీవాళ్ళు ఓటర్లు కారా ఏం? నా దగ్గర ఇంకో మనిషి లేరమ్మా. వెళ్ళండి, వెళ్ళండి."

కేంద్రం ఒక కుట్టు శిక్షణ బడిలో పెట్టారు. మిషన్లన్నీ గోడ వారకు నెట్టి దుప్పట్లు కప్పారు. లక్కమ్మ గుమ్మంలో అడుగుపెడుతూనే మరుగు ఎక్కడ పెట్టారో చూసింది. అట్టలతో మూడువైపులా కట్టిన ఆ మరుగు సరిగ్గా నిలువుటద్దానికి ఎదురుగా ఉంది! కుట్టిన బట్టలు తొడిగి చూసుకునే అద్దమది. మరుగులో నిలబడినవాళ్ళ చెయ్యి ఎటు కదిలిందో ఏజెంట్ల బెంచీ మీద నుంచి సినిమా చూసినట్టు చూడవచ్చు. కావాలని పెట్టలేదు పాపం, వెలుతురు బాగుందని పెట్టారు. లక్కమ్మ అద్దాన్ని గోడవైపు తిప్పించింది. మరుగును మూలకు జరిపించి, దాని వెనక కిటికీకి పాత కాగితాలు అంటించింది. ఖాళీ పెట్టెను బోర్లించి, అడుగున తట్టి, ఏజెంట్లిద్దరికీ చూపించింది. మూత మీద వాళ్ళ సంతకాలున్న కాగితం అతికించి లక్క పోసింది. నిచ్చెన ఏజెంటు బొద్దుగా ఉంటాడు, దువ్వెన ఏజెంటు బట్టతల మనిషి. తన గుర్తు మీద తనే జోకులు వేసుకుంటాడు కాబట్టి అతన్ని చూసి ఎవరూ నవ్వరు.

మొదటి గంట సందడిలో ఒక పొరపాటు జరిగింది. చూపు ఆనని ముసలావిడ వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఓటు నేను వేయిస్తానంటే నేను వేయిస్తానని ఏజెంట్లిద్దరూ లేచారు. "ఆవిడ మనవరాలిని వెంట తెచ్చుకుంది, మీరు కూర్చోండి," అని వాళ్ళను సర్దేసరికి లక్కమ్మ కళ్ళు పెట్టె మీద నుంచి తప్పాయి. సరిగ్గా అప్పుడే సబ్బుల ఫ్యాక్టరీ లోడింగ్ మనిషి ఒకడు ఏదో మడిచిన కాగితం పెట్టెలో పడేసి వెళ్ళిపోయాడు. పెట్టె దగ్గరున్న గుమాస్తా వాడి వేలి సిరా చూశాడు గానీ, కాగితం నంబరు చూడలేదు.

కాసేపటికి కిటికీలోంచి చూస్తే వీధి అవతల సైకిలు షాపు దగ్గర తమ్ముడు కనిపించాడు. పక్కన ఆ లోడింగ్ మనిషి. తమ్ముడు అక్కను చూసి మొహం తిప్పుకున్నాడు. డ్యూటీలో ఉన్న అక్కను పలకరించకూడదని మర్యాద పాటిస్తున్నాడు కాబోలనుకుంది లక్కమ్మ.

ఆ తర్వాత వరుసలో మరదలు వచ్చింది. గుమాస్తా పేరు చదివాడు, వేలికి సిరా పూశాడు. లక్కమ్మ కాగితం మడిచి, గీసి, విప్పి ఇచ్చింది. వదినా మరదళ్ళ మధ్య ఒక్క చిరునవ్వు కూడా నడవలేదు, డ్యూటీ అంటే డ్యూటీ. కానీ ముందు రోజు సాయంత్రం చూసిన మొహం ఇది కాదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మరుగులోకి వెళ్ళింది, వెళ్ళినంతసేపు కూడా ఉండకుండా వచ్చేసింది. ముద్ర కాగితం మీద పడిన చప్పుడు కూడా వినిపించలేదు. గబగబా వచ్చి పెట్టె చీలిక దగ్గర చెయ్యి పెట్టబోయింది.

"ఆగమ్మా." లక్కమ్మ చీలిక మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

నంబరు పైకి లేదు. అందులో వింతేం లేదు, చాలామంది అటూ ఇటూగా మడిచి తెస్తారు. కానీ ఈ మడత అటూ ఇటూగా లేదు. అంచుకు అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. గోరుతో లాగిన గీత కత్తిలా ఉంది. అంతా తిరగబడి ఉంది. ఇలా మడిచే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే, ఆ చేతికి మడవడం నేర్పింది తనే.

ఈ ఎత్తు పాతదే. శిక్షణలో ప్రతిసారీ చెబుతారు. మొదటివాడు పెట్టెలో ఏదో చిత్తుకాగితం పడేసి, అసలు ఓటు కాగితాన్ని దాచి బయటికి తెస్తాడు. బయట ఉన్నవాడు దొంగ ముద్రతో తనకు కావలసిన గుర్తు మీద గుద్ది, దాన్ని తర్వాతివాళ్ళ చేతికిస్తాడు. వాళ్ళు లోపలికెళ్ళి ఆ గుద్దిన కాగితాన్ని పెట్టెలో వేసి, తమకిచ్చిన తెల్లది తెచ్చి వాడికిస్తారు. తెల్లది తెచ్చారంటే చెప్పినట్టు వేశారనే లెక్క. అలా గొలుసు సాగుతూనే ఉంటుంది. లోడింగ్ మనిషి చొక్కాలో నలిగివచ్చిన కాగితాన్ని తమ్ముడు సాపు చేసి, గుద్ది, చేతి అలవాటు కొద్దీ మడిచి పెళ్ళాం చేతిలో పెట్టాడు. అక్క మరదల్ని అనుమానించదులే అనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

కోపమా, ఏడుపా, ఏదొచ్చిందో లక్కమ్మకే తెలియలేదు. ఇది నేనిచ్చిన కాగితం కాదని ఒక్క మాట అంటే చాలు. ఏజెంట్లు లేస్తారు, పోలీసు వస్తాడు, ఈ పిల్ల వీధి మధ్యలో దొంగలా నిలబడుతుంది. ఎవరో పన్నిన ఉచ్చుకు ఈమె మెడ. అనకుండా వదిలేస్తే ఈ పిల్ల మిషను మీద కూర్చుని ఆలోచించుకున్నదంతా ఆమె జాకెట్టులోని తెల్లకాగితంతో పాటు సైకిలు షాపు దగ్గరికి పోతుంది. మళ్ళీ ఎన్నికలు వచ్చేదాకా, వచ్చాక కూడా, దీనికేం తెలుసు అనే మాటే మిగులుతుంది.

లక్కమ్మ గొంతు పెంచింది. మరదలితో కాదు, గది మొత్తానికి చెబుతున్నట్టు చెప్పింది.

"మడత తిరగబడిందమ్మా. నంబరు లోపలికి పోయింది. ఇక్కడ విప్పకూడదు. మళ్ళీ మరుగులోకి వెళ్ళి, నేను వేసిచ్చిన మడత ప్రకారం మడిచి తీసుకురా. నేనిచ్చిన నంబరున్న కాగితమే పెట్టెలో పడుతుంది. వేరే ఏ కాగితమైనా మరుగులో మిగిలిపోతే అక్కడే వదిలేయొచ్చు. అది ఎవరిదని నేను అడగను. నిదానంగా రా, తొందరేం లేదు."

మరదలు తలెత్తి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వెనక్కి తిరిగి మరుగులోకి వెళ్ళింది.

ఈసారి ఎంతకీ రాలేదు. అట్టల కింద ఆమె పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, కదలడం లేదు. వరుసలో వెనకున్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. నిచ్చెన ఏజెంటు బెంచీ మీద అటూ ఇటూ కదిలి, "ఏంటమ్మా, అంతసేపు ఏం చేస్తోంది లోపల?" అన్నాడు.

"ఓటుకు ఇంత టైమని రూలు ఎక్కడైనా రాసుంటే చూపించండి, నేనే వెళ్ళి పిలుస్తాను," అంది లక్కమ్మ. దువ్వెన ఏజెంటు కిసుక్కున నవ్వాడు. "మీరూ నవ్వకండి," అని ఆయనకూ ఒకటి వడ్డించింది. పైకి మాటలు అలా ఉన్నాయి గానీ, ఆమె భయం ఆమెది. మరదలు మొగుడు గుద్దిచ్చిన కాగితాన్నే విప్పి సరిగ్గా మడిచి తెస్తుందేమో. నంబరు చూసి ఆపాల్సి వస్తుంది. అప్పుడిక కాపాడడానికి దారి లేదు.

టక్కున ముద్ర చప్పుడు వినిపించింది.

మరదలు బయటికొచ్చింది. కాగితం వీపు మీద నంబరు పైకే ఉంది. లక్కమ్మ చూసింది. తానిచ్చిన నంబరే. చీలిక మీద నుంచి చెయ్యి తీసింది. కాగితం పెట్టెలో పడింది. మరదలు ఎటూ చూడకుండా వెళ్ళిపోయింది.

లక్కమ్మ వెంటనే లేవలేదు. ఇంకో నలుగురు మరుగులోకి వెళ్ళి వచ్చేదాకా పంటి బిగువున ఆగింది, ఎవరు వదిలారో ఎవరూ వేలెత్తి చూపకూడదని. తర్వాత, "ముద్రలో సిరా ఉందో లేదో చూద్దాం రండి," అని ఏజెంట్లిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. మూలన అట్ట కింద దోపిన కాగితం దొరికింది. నిచ్చెన ఏజెంటు చెయ్యి చాచి, "విప్పండి, చూద్దాం," అన్నాడు.

"విప్పితే ఓటు బయటపడుతుంది. అది మీకూ వద్దు, నాకూ వద్దు," అని ముగ్గురి సంతకాలతో కవరులో పెట్టి లక్క పోసింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడి, వీధి దద్దరిల్లేలా చెప్పింది.

"అందరూ వినండి. మరుగులో ఒక కాగితం దొరికింది, కవరులో పెట్టి సీలు వేశాం. ఇకనుంచి ప్రతి కాగితం నంబరు నేనే చూసి పెట్టెలో వేయనిస్తాను. లోపలి కాగితం బయటికి పోదు, బయటి కాగితం లోపలికి రాదు. తప్పంటూ ఉంటే ఇంతసేపూ చూడని నాది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వీధి అవతల తమ్ముడి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వాడే ముందు తల దించుకుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎదురుగా కూర్చుంటే తప్ప మొహం కనబడదని ఏడ్చిన పిల్లాడు ఆ రోజు అక్క మొహం చూడలేకపోయాడు. దానికి లక్కమ్మ మనసు ఎంత విలవిల్లాడిందో ఆమెకే తెలుసు.

సాయంత్రం రిపోర్టులో కళ్ళతో చూసిందంతా రాసింది. పెట్టెలో ఒక కాగితం తగ్గుతుందనీ, ఒకటి మరుగులో దొరికిందనీ, మొదటి గంటలో తన చూపు తప్పిందనీ. మడత చూసి మనిషిని గుర్తుపట్టానని మాత్రం రాయలేదు. ఇదేం న్యాయమని అడిగేవాళ్ళు అడగవచ్చు. తమ్ముణ్ణి పెంచని వాళ్ళకు అడగడం తేలికే. ఇంకెప్పుడూ మా వీధికి నన్ను వేయకండని పైఅధికారికి గట్టిగా చెప్పి వచ్చింది.

లెక్కింపు రోజు ఆ పెట్టె తెరిస్తే ఓటు కాగితాల మధ్య సబ్బు మీద చుట్టే కాగితం ఒకటి, ఘుమఘుమలాడుతూ బయటపడిందట. హాలంతా ఒకటే నవ్వులు. ఎవరు గెలిచారన్నది వదిలేయండి, ఫ్యాక్టరీ పరువు మాత్రం పోయింది. యజమాని అసలు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదన్నాడు. మేస్త్రీ పని ఇంకెవరికో పోయింది. తేలు కుట్టిన దొంగలా తమ్ముడు కిక్కురుమనలేదు. అక్కతో మాటలు మానేశాడు. మెట్ల మీద ఎదురైతే గోడ చూసుకుంటూ పోయేవాడు.

కొన్ని వారాలు గడిచాక ఒకరోజు పార్సిల్ ఆఫీసు మూసే వేళకు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"అక్కా, నీ మీద నాకు కోపం పోలేదు. కానీ ఒక్కటి అడగాలి. అది ఎవరికి వేసింది?"

"నాకెలా తెలుస్తుందిరా?"

"మడత చూసి మనిషిని చెప్పేస్తావు కదా నువ్వు."

లక్కమ్మ లక్కగరిటె కింద పెట్టింది. ఈ సంగతి ఇద్దరి మధ్యా పైకి రావడం అదే మొదలు. "నీ మడత చూసి నిన్ను గుర్తుపట్టాను. దాని కాగితానికున్న మడత నేను వేసిందే. అందులో దాని మనసు ఎక్కడ కనిపిస్తుంది?"

"నాకు నిద్ర పట్టడం లేదే అక్కా. మా ఇంట్లో నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. అన్నం వడ్డిస్తుంటే చూస్తాను, మిషను తొక్కుతుంటే చూస్తాను. మొహంలో ఏమీ తెలియదు."

"ఒకే కప్పు కింద ఉన్నారు కదరా. దాన్నే అడుగు."

"అడిగాను. 'అది నా కాగితం' అంటుంది. అంతే." వాడు ముక్కు ఎగబీల్చి, చొక్కా చేతితో తుడుచుకున్నాడు. ఇంత పెద్దవాడైనా ఆ అలవాటు పోలేదు. లక్కమ్మకు వాడి మీద కోపమంతా కరిగిపోయింది. లేచి వెళ్ళి వీపు మీద ఒక్కటి వేసి, ఇంటికి పదమని వెంటబెట్టుకు వెళ్ళింది.

సూటిగా అడిగితే పని కాలేదు కాబట్టి తమ్ముడు డొంకతిరుగుడు పట్టాడు. వేరే విషయాల్లో మరదలి అభిప్రాయం ఎటు మొగ్గుతుందో తెలిస్తే ఓటు ఎటు పడిందో పసిగట్టవచ్చని వాడి తెలివి. "అవతలి ఫ్యాక్టరీలో పిలుస్తున్నారు. మారదామా? నువ్వేమంటావు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఓటు ఎక్కడ బయటపడుతుందోనని ఒక్క మాట కూడా వదలకుండా చివరిదాకా విన్నాడు. ఓటు దొరకలేదు, కానీ చెప్పినదాంట్లో పాయింటుందని తోచి, వెళ్ళి కొత్త ఫ్యాక్టరీలో చేరాడు. మరోసారి ఇంటి అద్దె గురించి అడిగాడు. ఇంకోసారి ఎవరింటి గొడవో వచ్చి తీర్పు చెప్పమంటే, "ఉండండి, మా ఆవిడనడిగి చెబుతాను," అన్నాడు. కింది వాటాలో కూర్చుని అది విన్న లక్కమ్మ చేతిలోని మంచినీళ్ళ గ్లాసు జారిపోయినంత పనైంది. కొంతకాలానికి ఎందుకడుగుతున్నాడో ఒక్కోసారి వాడే మరిచిపోయేవాడు, అడగడం మాత్రం అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం మరదలు దిగివచ్చి, లక్కమ్మ రవిక చంకలో విడిపోయిన కుట్టు వేస్తూ కూర్చుంది. పైన తమ్ముడు కిటికీకి ఏ గుడ్డ బాగుంటుందో చెప్పమని కేక పెడుతున్నాడు. మరదలు జవాబిచ్చి, దారం కొరికి, తనలో తను నవ్వుకుంది.

"పాపం వాడు, ఇంకా లోలోపల కొట్టుకుంటూనే ఉన్నాడే," అంది లక్కమ్మ. "నాకు చెప్పొద్దు గానీ, ఎన్నాళ్ళని ఏడిపిస్తావు? వాడికైనా ఓ మాట చెప్పేయరాదూ?"

"అమ్మో, చెప్పను వదినా," అంది మరదలు సూదిలో దారం ఎక్కిస్తూ. "ఎవరికి వేశానో తెలిసిపోతే మీ తమ్ముడు మళ్ళీ నన్ను ఏమీ అడగరు."